పౌండ్ల లెక్కలో ప్రేమకథ: ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ చలనచిత్రం



పాతకాలపు ప్రేమకథను తెరమీద చూసే ప్రేక్షకుని దృష్టి సహజంగానే ముందు గుర్రపు బండ్ల మీద, పొడవాటి గౌనుల మీద, పచ్చిక బయళ్ళ నడుమ నిలిచిన రాతి భవనాల మీద పడుతుంది. ఆ సొగసు కోసమే అటువంటి చిత్రాలు చూసేవారు ఎందరో ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. అయితే ప్రసిద్ధ నవల ఆధారంగా తీసిన ప్రేమకథాచిత్రం తన పూర్తి రసాన్ని అందించాలంటే, ఆ కాలంలో ఎవరి చేతిలో ఎంత డబ్బు ఉండేది, అది ఎవరి నుంచి ఎవరికి ఏ కట్టుబాటు ప్రకారం చేరేది, డబ్బు లేనివారు ఏ మాట పైకి అనగలిగేవారు, ఏ మాట గుండెల్లోనే దాచుకోవలసి వచ్చేది అన్న సంగతులు ప్రేక్షకునికి తెలిసి ఉండాలి. ఇందుకు 1995లో విడుదలైన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ అనే ఆంగ్ల చిత్రాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. జేన్ ఆస్టెన్ 1811లో వెలువరించిన అదే పేరు గల నవలకు అది చిత్రరూపం. దానికి నటి ఎమ్మా థాంప్సన్ స్క్రీన్‌ప్లే రాయగా, తైవాన్‌లో పుట్టి పెరిగిన ఆంగ్ లీ దర్శకత్వం వహించారు.

ఆస్టెన్ 1775 డిసెంబర్ 16న ఇంగ్లండులోని హాంప్‌షైర్ ప్రాంతంలో, స్టీవెంటన్ అనే గ్రామంలో, ఒక చర్చి మతాధికారి కుమార్తెగా జన్మించారు. ఈ కథను ఆమె ఇరవయ్యేళ్ళ ప్రాయంలోనే ఇద్దరు నాయికల పేర్లతో లేఖారూపంలో రాసుకుని, తరువాత సాధారణ కథనంలోకి మార్చి, ఏళ్ళ తరబడి తనవద్దే ఉంచుకుని, చివరకు థామస్ ఎగర్టన్ అనే లండన్ ప్రచురణకర్త ద్వారా మూడు సంపుటాలుగా వెలువరించారు. పుస్తకం మీద ఆమె పేరు లేదు. ఒక మహిళ రాసినదని మాత్రమే ఉంది. నష్టం వస్తే తానే భరించే షరతు మీద అచ్చయిన ఆ పుస్తకం రెండేళ్ళలోపు పూర్తిగా అమ్ముడుపోయి, ఆమెకు 140 పౌండ్ల లాభం మిగిల్చింది. 1805లో తండ్రి మరణించిన తరువాత తల్లితో, అక్కతో కలిసి అన్నదమ్ములు పంపే సొమ్ము మీద బతుకుతూ, ఇల్లు మీద ఇల్లు మారి, 1809లో ఒక అన్న తన ఎస్టేటులో ఇచ్చిన చాటన్ గ్రామపు ఇంట్లో స్థిరపడిన స్త్రీకి ఆ 140 పౌండ్లు ఎంత విలువైనవో ఊహించవచ్చు. తండ్రి పోయిన ఆడపిల్లలు అన్న దయ మీద ఆధారపడవలసి రావడం ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి కాదు.

నవల వెలువడిన కాలాన్ని ఆంగ్ల చరిత్రకారులు రీజెన్సీ యుగమని వ్యవహరిస్తారు. మూడవ జార్జి రాజుకు మతి చెడిన కారణంగా ఆయన కుమారుడు రాజప్రతినిధి హోదాలో 1811 నుంచి 1820 వరకు పాలించిన కాలమది. ఆనాటి భూస్వామ్య కుటుంబాలలో ఎస్టేటును ముక్కలు చేయకుండా ఒకే మగ వారసునికి అప్పగించడం ఆనవాయితీ. వీలునామా ద్వారానో, వివాహ సమయంలో రాసుకున్న ఒప్పందం ద్వారానో ఆస్తిని ముందు తరాలకు కట్టిపడేసేవారు. అనుభవిస్తున్న వ్యక్తికి దానిని అమ్మడానికి గాని, కుమార్తెలకు పంచి ఇవ్వడానికి గాని అధికారం ఉండేది కాదు. అతనికి ఉన్నది జీవితకాలపు అనుభవ హక్కు మాత్రమే. కథలోని హెన్రీ డాష్‌వుడ్ పరిస్థితి సరిగ్గా ఇదే. ససెక్స్‌లోని నార్లండ్ ఎస్టేటు అతని మరణంతో మొదటి భార్య కుమారుడైన జాన్ వైపు వెళ్ళిపోతుంది. రెండవ భార్యకు, ఆమె ముగ్గురు కుమార్తెలు ఎలినార్, మేరియాన్, మార్గరెట్‌లకు కలిపి ఏడాదికి 500 పౌండ్ల ఆదాయం మాత్రం మిగులుతుంది. కూలివాని దృష్టిలో అది పెద్ద మొత్తమే. అయితే పెద్ద భవనంలో పుట్టి పెరిగిన ఆడపిల్లలకు అంతటితో గుర్రపు బండి ఉండదు, కట్నం ఉండదు, కట్నం లేనిచోట సంబంధాలు రావు. నవలలో ఆ తల్లీకూతుళ్ళు డెవన్‌షైర్‌లోని చిన్న ఇంటికి మారినప్పుడు పనివాళ్ళ సంఖ్యను ఇద్దరు ఆడవాళ్ళకు, ఒక మగవానికి తగ్గించుకోవడాన్ని ఆస్టెన్ లెక్కతో సహా చెప్పారు.

ఈ వారసత్వ వ్యవహారాన్ని విడమరచడానికి నవలకు ఒక అధ్యాయం పట్టింది. చిత్రం దానిని మరణశయ్య మీది తండ్రి కుమారునితో చెప్పే నాలుగు మాటలలో ముగించింది. ఆ వెంటనే వచ్చే సన్నివేశం, చిత్రానువర్తనం ఎలా ఉండాలో నేర్చుకోదలచిన ఎవరికైనా పాఠ్యభాగంగా పెట్టదగినది. చెల్లెళ్ళను ఆదుకుంటానని తండ్రికి మాట ఇచ్చిన జాన్ వారికి 3,000 పౌండ్లు ఇవ్వాలనుకుంటాడు. భార్య ఫానీ అంత ఎందుకని అడుగుతుంది. మొత్తం సగానికి, అంటే 1,500కు దిగుతుంది. తరువాత తల్లి బతికినన్నాళ్ళు ఏటా 100 పౌండ్ల భరణం ఇస్తే సరిపోతుందన్న ఆలోచన వస్తుంది. భరణం వస్తున్నదంటే మనుషులు త్వరగా చనిపోరన్న వాదనతో అదీ రద్దవుతుంది. ఆపైన అప్పుడప్పుడు ఏదో కొంత ఇవ్వడం, ఆ తరువాత అదీ అవసరం లేదనుకోవడం. నవలలో ఇది రెండవ అధ్యాయమంతా పరచుకున్న సంభాషణ. థాంప్సన్ ఆ మాటల ధోరణిని దాదాపు అలాగే ఉంచి, సంభాషణను ఒక గదిలో కూర్చోబెట్టకుండా, ప్రయాణపు సన్నాహాల నుంచి బండి ప్రయాణం దాకా తునకలు తునకలుగా విడదీశారు. చోటు మారిన ప్రతిసారీ మొత్తం తగ్గుతుంది. బండి నార్లండ్ చేరేసరికి ఆడపిల్లల వాటా సున్నా అవుతుంది. దౌర్జన్యం లేదు, కేకలు లేవు, భార్యాభర్తలు ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటారు. ఈ దృశ్యాన్ని శ్రద్ధగా విన్న ప్రేక్షకునికి తరువాతి రెండు గంటలలో కనిపించే ప్రతి చూపు, ప్రతి మౌనం అర్థమవుతాయి.

అన్నదమ్ముల మధ్య, వదినా ఆడపడుచుల మధ్య ఇటువంటి లెక్కలు తెలుగు ఇళ్ళకు కొత్తవి కావు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలులోకి వచ్చి, అప్పటికి పెళ్ళికాని కుమార్తెకు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమారునితో సమానమైన భాగం కల్పించింది; దేశమంతటికీ అటువంటి హక్కు వచ్చింది 2005లో. ఇంగ్లండులో పెళ్ళయిన స్త్రీ తన ఆస్తిని తన పేరనే నిలుపుకునే హక్కును పూర్తిగా పొందింది 1882 నాటి చట్టంతో, అంటే ఆస్టెన్ మరణించిన 65 ఏళ్ళకు. ఈ సంవత్సరాలు గుర్తున్న తెలుగు ప్రేక్షకుడు నార్లండ్ భవనాన్ని దూరదేశపు వింతగా చూడలేడు.

ఇక ప్రేమ విషయం. ఫానీ తమ్ముడు ఎడ్వర్డ్ ఫెరార్స్, పెద్ద కుమార్తె ఎలినార్ పరస్పరం ఇష్టపడతారు. ఎడ్వర్డ్‌కు సొంత సంపాదన లేదు. అతని భవిష్యత్తంతా కోపిష్ఠి అయిన తల్లి చేతిలో ఉంది. ఎన్నో ఏళ్ళ క్రితం, లోకజ్ఞానం లేని వయసులో, అతడు లూసీ స్టీల్ అనే అమ్మాయికి రహస్యంగా పెళ్ళి మాట ఇచ్చి ఉన్నాడు. ఆ కాలపు మర్యాద ప్రకారం ఇచ్చిన మాటను పురుషుడు వెనక్కి తీసుకోరాదు. తీసుకుంటే ఆ స్త్రీ పరువు పోతుంది. లూసీ ఈ రహస్యాన్ని కావాలనే ఎలినార్‌కు చెప్పి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంటుంది. అక్కడి నుంచి కథలో అధిక భాగం ఎలినార్ ఆ భారాన్ని తల్లికి గాని, చెల్లెలికి గాని తెలియనివ్వకుండా మోయడంతోనే సాగుతుంది.

నవలలో ఈ మౌనాన్ని మోసే సాధనం కథనమే. పాత్ర మనసులోని ఊహను రచయిత్రి తన గొంతుతోనే, అయితే ఆ పాత్ర మాటతీరులో, ఎవరు అనుకుంటున్నారో విడిగా చెప్పకుండా వాక్యంలో కలిపేసే పద్ధతిని విమర్శకులు స్వతంత్ర పరోక్ష కథనం అంటారు. ఆంగ్ల నవలలో దానిని మొట్టమొదట నిండుగా సాధించినవారిలో ఆస్టెన్ ముఖ్యులు. తెరమీద ఆ గొంతు ఉండదు. నేపథ్యంలో ఒక వ్యాఖ్యాత చేత చదివించడం తేలికైన దారి. ఆ దారిని ఈ చిత్రం తొక్కలేదు. నవలలోని కథనం చేసిన పనిని గదుల అమరిక మీద, నటుల నిలకడ మీద, కెమెరా పాటించే దూరం మీద పెట్టింది. విల్లోబీ అనే యువకుడు మేరియాన్‌ను వదిలి హఠాత్తుగా లండన్ వెళ్ళిపోయిన రోజున మేరియాన్ ఏడుస్తూ ఒక గదిలోకి, తల్లి మరొక గదిలోకి, చిన్న చెల్లెలు ఇంకొక గదిలోకి వెళ్ళి తలుపులు వేసుకుంటారు. ఎవరి కోసమో తెచ్చిన టీ కప్పుతో ఎలినార్ మెట్ల మీద ఒంటరిగా కూర్చుంటుంది. ఆమె ఏడవదు. ఆ ఇంట్లో ఆమె ఏడవడానికి గది లేదు. నవలలో లేని ఆ చిన్న దృశ్యం నవలలోని ఎన్నో పుటల సారాన్ని పట్టి ఇస్తుంది.

అదే విధంగా లండన్‌లో ఎలినార్, లూసీ ఒకే గదిలో కూర్చుని ఉండగా ఎడ్వర్డ్ లోపలికి రావడం, అతనికి ఎవరివైపు చూడాలో తెలియకపోవడం, ఆ సమయంలోనే ఏమీ తెలియని మేరియాన్ పరుగున వచ్చి అతడు తన అక్క కోసమే వచ్చాడనుకుని సంబరపడడం నవలలోనూ ఉంది, చిత్రంలోనూ ఉంది. చదువుతున్నప్పుడు ముగ్గురి ఇబ్బంది ఒకరి తరువాత ఒకరిగా తెలుస్తుంది. తెరమీద అది ఒకేసారి కళ్ళముందు నిలుస్తుంది. ఇటువంటి చోట సినిమా మూలాన్ని మించిందనడానికి సంకోచించనవసరం లేదు.

చివరకు లూసీ మనసు మార్చుకుని, ఎడ్వర్డ్‌కు బదులు తల్లి ఆస్తి దక్కిన అతని తమ్ముణ్ణి పెళ్ళాడిన వార్త తెలిసినప్పుడు, నవలలోని ఎలినార్ గదిలోంచి దాదాపు పరుగున బయటకు వెళ్ళి, తలుపు మూసుకున్న తరువాతనే ఏడుస్తుంది. చిత్రంలో తల్లి, చెల్లెళ్ళు ఆమెను, ఎడ్వర్డ్‌ను గదిలో వదిలి తప్పుకుంటారు. ఎడ్వర్డ్ ఎదుటనే ఎలినార్‌కు వెక్కిళ్ళతో కూడిన ఏడుపు తన్నుకొస్తుంది. ఇది మూలానికి విధేయత కాదని కొందరు పండితులు అనవచ్చు. అయినా రెండు గంటలకు పైగా తన దుఃఖాన్ని అణచుకుంటూ నిలబడిన స్త్రీని చూసిన ప్రేక్షకునికి ఆ ఏడుపు న్యాయంగా రావలసిన బాకీ. ఎలినార్‌గా నటించిన థాంప్సన్ అందంగా ఏడవలేదు. ఊపిరి అందని, మర్యాద మరచిన ఏడుపు అది, అందువల్లనే అది నమ్మదగినదయింది.

దర్శకుడు ఆంగ్ లీ అంతకుముందు తీసిన మూడు చిత్రాలూ చైనీయ కుటుంబాల కథలు. ‘ఈట్ డ్రింక్ మ్యాన్ ఉమన్’ అనే 1994 నాటి చిత్రంలో వంటలో దిట్ట అయిన తండ్రి, పెళ్ళి కావలసిన ముగ్గురు కుమార్తెలు ఉంటారు. పెద్దల ముందు మనసులో మాట చెప్పలేకపోవడం, ప్రేమను తిండి పెట్టడంలోనో, చిన్న సేవలోనో చూపడం ఆయనకు తన సంస్కృతి నుంచే తెలుసు; ఆస్టెన్ ప్రపంచాన్ని ఆంగ్లేయుడు కాని దర్శకునికి అప్పగించిన నిర్మాత లిండ్సే డోరన్ నిర్ణయం ఎంత సరైనదో చిత్రం చూస్తే తేలుతుంది. ఆయన కెమెరా ప్రేమికుల ముఖాల మీదికి అదే పనిగా దూసుకుపోదు. తలుపుల అవతల నుంచి, కిటికీల గుండా, విశాలమైన పొలాల నడుమ చిన్నగా కనిపించేలా మనుషులను చూపి, వారి కష్టం వారి చుట్టూ ఉన్న ఇంటికంటే, నేలకంటే ఎంత చిన్నదిగా లెక్కకు వస్తున్నదో తెలియజేస్తుంది.

రెండవ కుమార్తె మేరియాన్ కథ ఎలినార్ కథకు భిన్నం. ఆమె తన ప్రేమను దాచదు. దాచడం కపటమని నమ్ముతుంది. పందొమ్మిదేళ్ళ కేట్ విన్స్‌లెట్ ఆ పాత్రకు ఇచ్చిన వేడి చిత్రానికి ప్రాణం. ఇక్కడ నవలలోని ఒక సంభాషణ గుర్తుచేయవలసి ఉంది: డబ్బుకు, సుఖానికి సంబంధం ఏమిటని ప్రశ్నించే మేరియాన్, సాదాసీదాగా బతకడానికి ఏడాదికి దాదాపు 2,000 పౌండ్లు కావాలంటుంది, లోకం తెలిసినదని పేరు పడిన ఎలినార్‌కు 1,000 పౌండ్లే సంపదగా తోస్తుంది. మేరియాన్ ప్రేమించిన విల్లోబీ అప్పుల పాలై, 50,000 పౌండ్లు గల మరొక అమ్మాయిని పెళ్ళాడతాడు. చివరకు ఆమె చేయందుకున్న కల్నల్ బ్రాండన్ ఆదాయం సరిగ్గా ఏడాదికి 2,000. ఈ అంకెలు తెలియని పాఠకునికి ఆస్టెన్ సున్నితమైన ప్రేమకథల రచయిత్రిగా మాత్రమే మిగిలిపోతారు.

బ్రాండన్ పాత్రలో భారతదేశపు నీడ కూడా ఉంది. అతడు ఈస్టిండీస్‌లో సైనికోద్యోగం చేసి వచ్చినవాడు. నవలలో విల్లోబీ అతణ్ణి ఎగతాళి చేస్తూ నవాబుల పేరు, బంగారు మొహరీల పేరు, పల్లకీల పేరు తెస్తాడు. ఆస్టెన్ కుటుంబానికి ఈ దేశంతో నేరుగా సంబంధం ఉండేది. ఆమె మేనత్త ఫిలడెల్ఫియా, కట్నం ఇచ్చుకోలేని అనాథ యువతి, భర్తను వెదుక్కోవడానికి 1752లో ఓడలో మద్రాసు చేరి, మరుసటి ఏడాది కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హాన్‌కాక్‌ను పెళ్ళాడింది. ఆమె కుమార్తె ఎలైజా తరువాత ఆస్టెన్ అన్న హెన్రీకి భార్య అయింది. పెళ్ళి కోసం సముద్రాలు దాటవలసి వచ్చిన ఆ మేనత్త కథ వింటూ పెరిగిన రచయిత్రికి డాష్‌వుడ్ అక్కచెల్లెళ్ళ స్థితి కల్పన అనిపించి ఉండదు.

తెరమీద బ్రాండన్‌గా అలన్ రిక్‌మన్ చేసిన పని నవలకు జోడించిన గొప్ప లాభం. నవలలో అతడు ఎక్కువ భాగం ఇతరుల నోటిమాటలోనే ఉంటాడు, మేరియాన్ అతణ్ణి ఎందుకు ప్రేమించగలిగిందో ఆస్టెన్ త్వరత్వరగా చెప్పి ముగించారు. చిత్రంలో మేరియాన్ పాడుతుండగా అతడు గుమ్మంలోనే ఆగిపోవడం, ఆమె జ్వరంతో పడి ఉన్నప్పుడు తనకేదైనా పని చెప్పమని ఎలినార్‌ను వేడుకోవడం చూసిన తరువాత ఆ వివాహం సర్దుబాటులా తోచదు. ఇందుకు ప్రతిగా ఒక నష్టమూ జరిగింది. మేరియాన్ చావుబతుకుల మధ్య ఉన్న రాత్రి విల్లోబీ వచ్చి ఎలినార్ ముందు తన పశ్చాత్తాపాన్ని చెప్పుకునే సుదీర్ఘ ఘట్టాన్ని చిత్రం వదిలివేసి, చివర అతణ్ణి దూరపు గుట్ట మీద గుర్రంతో నిలబెట్టి సరిపెట్టింది. నేరస్థుని మాట కూడా వినాలన్న ఆస్టెన్ న్యాయబుద్ధి ఆ ఘట్టంలో ఉంది. అది పోవడం చిన్న లోటు కాదు. ఎడ్వర్డ్‌గా హ్యూ గ్రాంట్ మరీ అందగాడన్న విమర్శ కూడా సబబే, నవలలోని ఎడ్వర్డ్ చూడగానే ఆకట్టుకునేవాడు కాడు. పొందిన లాభం మాత్రం చిన్న చెల్లెలు మార్గరెట్ విషయంలో స్పష్టంగా కనబడుతుంది: నవలలో పేరుకు మాత్రమే ఉన్న ఆ పిల్లను చిత్రం గ్రంథాలయపు బల్ల కింద దాక్కునే, భూగోళపటాలను ప్రేమించే అమ్మాయిగా పెంచి, ఆమెను బయటికి రప్పించడానికి ఎడ్వర్డ్ నైలు నది పుట్టుక గురించి తప్పుగా మాట్లాడే సన్నివేశం ద్వారా అతని మంచితనాన్ని ఎలినార్‌కు, ప్రేక్షకునికి ఒకేసారి చూపింది.

దుస్తులను జెన్నీ బీవన్, జాన్ బ్రైట్ రూపొందించారు. సంగీతం ప్యాట్రిక్ డాయిల్‌ది. నార్లండ్‌గా కనిపించేది ప్లిమత్ సమీపంలోని సాల్ట్‌రమ్ భవనం. ఉత్తమ అనుసరణ స్క్రీన్‌ప్లేకు థాంప్సన్‌కు ఆస్కార్ లభించింది. అంతకుముందే ‘హోవర్డ్స్ ఎండ్’లో నటనకు ఆ బహుమతి పొందిన ఆమె, నటనకు, రచనకు రెండింటికీ ఆస్కార్ అందుకున్న తొలి వ్యక్తి. బెర్లిన్ చిత్రోత్సవం 1996లో ఈ చిత్రానికి స్వర్ణ భల్లూకం అనే బహుమతి ఇచ్చింది.

ఈ కథ తెలుగువారికి మరొక దారిలో కూడా చేరింది. రాజీవ్ మేనన్ 2000లో తమిళంలో తీసిన ‘కండుకొండేన్ కండుకొండేన్’ ఈ నవలకే స్వేచ్ఛానుసరణ. అది ‘ప్రియురాలు పిలిచింది’ పేరుతో తెలుగులోకి అనువాదమైంది. టబు, ఐశ్వర్యా రాయ్ అక్కచెల్లెళ్ళుగా, మమ్ముట్టి కల్నల్ బ్రాండన్‌కు ప్రతిరూపమైన మాజీ సైనికునిగా నటించిన ఆ చిత్రం కథను సమకాలీన తమిళనాడుకు తెచ్చినా, తాత రాసిన వీలునామా వల్ల ఆడవాళ్ళు ఇల్లు వదలవలసి వచ్చే ఘట్టాన్ని మాత్రం వదలలేదు. అది లేకపోతే ఈ కథ నిలవదని దర్శకునికి తెలుసు.

ఆంగ్ లీ చిత్రం చివర పెళ్ళి జరుగుతుంది. చర్చి బయట, ఎర్రటి సైనిక దుస్తుల్లో ఉన్న బ్రాండన్ అక్కడి ఆచారం ప్రకారం గుప్పెడు నాణేలను గాలిలోకి విసురుతాడు, పిల్లలు వాటికోసం ఎగబడతారు. పెళ్ళితో ముగిసే ఈ ప్రేమకథ చివరి దృశ్యంలో నాణేలు ఉండడం కథకు పూర్తిగా తగిన పని. చిత్రం నిడివి రెండు గంటల పదహారు నిమిషాలు. ఆంగ్లం చదవగలిగిన శ్రోతలు చిత్రం చూసిన తరువాత నవలలో కనీసం మొదటి రెండు అధ్యాయాలు చదవాలని మనవి. గ్రంథస్వామ్య గడువు ఎప్పుడో ముగిసినందున ఆ నవల ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అంతర్జాల గ్రంథాలయంలో ఉచితంగా లభిస్తుంది.